మేత లెక్క ఫోన్‌లో ఒకటి, ఆఫీసులో ఒకటి – మూడు యాప్‌లకీ ఒకే కోడ్ ఎలా?

ఉండి_కాలువ
రొయ్యల చెరువుల లెక్కలు రాసుకునే యాప్ మాది. రైతులకి ఆండ్రాయిడ్‌లో కాట్లిన్, మేత డీలర్ల ఆఫీసుల్లో విండోస్ మీద సీ షార్ప్. లీజుదార్లూ టెక్నీషియన్లూ ఐఫోన్‌లో కావాలంటే స్విఫ్ట్‌లో మూడోది మొదలైంది. మేత సూత్రం మూడు చోట్లా విడివిడిగా రాసి ఉంది. ఇప్పుడు ఒకే చెరువుకి రైతు ఫోన్ 3 బస్తాలంటే, డీలర్ కంప్యూటర్ 2 బస్తాలంటోంది. రైతు డీలర్‌ని అడుగుతున్నాడు, డీలర్ మమ్మల్ని అడుగుతున్నాడు. పనిచేసేది ఇద్దరం, మ్యాక్ ఒక్కటే ఉంది. గట్ల మీద సిగ్నల్ ఉండదు కాబట్టి లెక్క ఫోన్‌లోనే జరగాలి, సర్వర్ మీదకి నెట్టడం కుదరదు. మూడింటికీ కోడ్ ఒకటే అయ్యేలా చేయాలంటే ఎక్కడ మొదలెట్టాలి? ఫ్లట్టరా, కాట్లిన్ మల్టీప్లాట్‌ఫామా, సీ ప్లస్ ప్లసా?

కోనసీమ_కోడర్
ఫ్లట్టర్. మూడూ ఆపేసి ఒకటే రాయండి. ఆండ్రాయిడ్, ఐఫోన్, విండోస్ మూడింటికీ ఒకే డార్ట్ కోడ్ సరిపోతుంది. ఇద్దరితో మూడు యాప్‌లు మోయడం అయ్యే పని కాదండి.

మొగల్తూరు_మొబైల్
పంట మధ్యలో రైతుల చేతిలో నడుస్తున్న యాప్‌ని ఆపేయమంటే ఎలాగండి? పైగా ఆ 3కీ 2కీ తేడా ఎక్కడొచ్చిందో తేలకుండా ఏ భాషలోకి మార్చినా అదీ వెంటే వస్తుంది. @ఉండి_కాలువ గారూ, ఆ చెరువుకి మేత ఎన్ని కేజీలు వచ్చింది? కేజీల్ని బస్తాలు చేసే లైన్లో మూడు భాషల్లోనూ ఏ ఫంక్షన్ ఉందో చెప్పండి.

ఉండి_కాలువ
62.5 కేజీలు. బస్తా 25 కేజీలు, అంటే 2.5. కాట్లిన్‌లో రౌండ్‌టుఇంట్, సీ షార్ప్‌లో మ్యాథ్.రౌండ్, స్విఫ్ట్‌లో రౌండెడ్.

కాకినాడ_కెర్నల్
దొరికిందండి. సీ షార్ప్‌లో మ్యాథ్.రౌండ్‌కి విడిగా ఏమీ చెప్పకపోతే, సరిగ్గా సగం వచ్చినప్పుడు దగ్గర్లో ఉన్న సరిసంఖ్యకి వెళ్తుంది. 2.5 అయితే 2, 3.5 అయితే 4. కాట్లిన్ రౌండ్‌టుఇంట్ సగాన్ని ఎప్పుడూ పైకే తీసుకెళ్తుంది, కాబట్టి 3. స్విఫ్ట్ రౌండెడ్ సున్నాకి దూరంగా జరుపుతుంది, అదీ 3. అమ్మకాల్లో కాట్లిన్, స్విఫ్ట్ కలిసిపోతాయి. రిటర్న్ సరుకు దగ్గర -2.5 వచ్చిందా, కాట్లిన్ -2 ఇస్తుంది, స్విఫ్ట్ -3 ఇస్తుంది. అక్కడ మళ్ళీ తగువే.

కాట్లిన్ లోపలే ఇంకో తిరకాసు ఉంది. మ్యాథ్ ప్యాకేజీలో రౌండ్ అని విడిగా ఒక ఫంక్షన్ ఉంది, అది 2.5ని 2.0 చేస్తుంది, సీ షార్ప్ లాగే. ఇద్దరు రాసిన ఫైళ్ళలో రెండూ కలిసి ఉన్నాయేమో వెతకండి.

సీ షార్ప్‌లో మిడ్‌పాయింట్‌రౌండింగ్.అవేఫ్రమ్‌జీరో అని రెండో ఆర్గ్యుమెంట్ ఇస్తే ఈ గొడవ వరకూ ఇవాళే తీరిపోతుంది.

లాకుపేట
ఫంక్షన్ మార్చినంత మాత్రాన తీరదండి. బస్తాల ఇండెంట్‌కి రౌండింగ్ పెట్టడమే తప్పు. 2.2 బస్తాలు కావాల్సిన చోట 2 తెప్పిస్తే చివరి పూట మేతకి లోటు పడుతుంది. ఇండెంట్, అంటే డీలర్‌కి పెట్టే ఆర్డరు, ఎప్పుడూ పై బస్తాకి పోవాలి, మిగిలిన మేత గ్రాముల్లో స్టాకులో కనబడాలి. మేతని గ్రాముల్లో పూర్ణాంకంగా పెట్టుకుంటే సూత్రం ఒక లైను: గ్రాములకి 24,999 కలిపి 25,000తో భాగించడం. 50,000కి 2 వస్తుంది, 50,001కి 3 వస్తుంది. దశాంశమే లేనప్పుడు ఏ భాషలో రాసినా జవాబు మారదు.

రాజోలు_రన్‌టైమ్
@లాకుపేట గారి మాటకి ఒక్క సవరణ. సర్వర్ పైథాన్‌లో ఉంటే రుణ సంఖ్యల దగ్గర చూసుకోండి. -7ని 2తో పూర్ణాంక భాగహారం చేస్తే కాట్లిన్, స్విఫ్ట్, సీ షార్ప్ -3 అంటాయి, పైథాన్ -4 అంటుంది.

కాకినాడ_కెర్నల్
పూర్ణాంకాలు మంచిదే, కానీ 32 బిట్ల ఇంట్ వాడకండి. రొయ్య లెక్కలో ఇది పంట చివర్లో బయటపడే రకం. బతికున్నవి 80,000 అనుకోండి, సగటు బరువు మిల్లీగ్రాముల్లో పెట్టారు. 10 గ్రాముల రొయ్యకి 80,000 ఇంటూ 10,000 అంటే 80 కోట్లు, ఇంట్‌లో పడుతుంది. 20 గ్రాములకి 160 కోట్లు, అదీ పడుతుంది. ఇంట్ హద్దు 214 కోట్ల పైచిలుకు. రొయ్య సుమారు 26.8 గ్రాములకి, అంటే కేజీకి 37 తూగే 37 కౌంట్‌కి రాగానే హద్దు దాటుతుంది. అప్పుడు కాట్లిన్ కిక్కురుమనకుండా రుణ సంఖ్య ఇస్తుంది. సీ షార్ప్ కూడా మామూలు సెట్టింగుల్లో అంతే. స్విఫ్ట్‌లో ఇంట్32 పెట్టి ఉంటే యాప్‌ని అక్కడికక్కడే ఆపేస్తుంది. పెద్ద రొయ్య పట్టుబడికి ముందు, మేత ఎక్కువ పడే రోజుల్లో ఇలా జరిగితే ఎంత నష్టమో మీకు వేరే చెప్పక్కర్లేదు. అన్నీ లాంగ్ పెట్టండి. గుణకారాలు అన్నీ ముందు, భాగహారం చిట్టచివర ఒక్కసారే.

ఆకివీడు_ఆండ్రాయిడ్
ఇక కోడ్ పంచుకోవడం సంగతి. ఆండ్రాయిడ్ ఇప్పటికే కాట్లిన్‌లో ఉంది కాబట్టి మీకు కాట్లిన్ మల్టీప్లాట్‌ఫామే దగ్గర దారి. 2023 నవంబర్ నుంచి స్టేబుల్. స్క్రీన్లు ముట్టుకోకండి. లెక్కలు, డేటాబేస్, సింక్ ఈ మూడే తీయండి. కాలువ ఒకటి, తూములు ఎవరి చెరువుకి వాళ్ళవి.

చేసే పద్ధతి ఇదండి. ఆండ్రాయిడ్ ప్రాజెక్టులోనే షేర్డ్ అని కొత్త మాడ్యూల్ పెట్టండి. అందులో కామన్‌మెయిన్, ఆండ్రాయిడ్‌మెయిన్, ఐఓఎస్‌మెయిన్ అని మూడు ఫోల్డర్లు. మేత సూత్రం ఫైలు ఒక్కటే ముందు కామన్‌మెయిన్‌లోకి జరపండి. వెంటనే ఎర్రగీతలు వస్తాయి, ఎందుకంటే జావా లైబ్రరీలు అక్కడ ఉండవు. బిగ్‌డెసిమల్ ఉంటే లాంగ్ చేయండి. సింపుల్‌డేట్‌ఫార్మాట్, జావా.టైమ్ ఉంటే కాట్లిన్‌ఎక్స్ డేట్‌టైమ్‌కి మార్చండి. స్ట్రింగ్.ఫార్మాట్ కూడా జావా వైపుదే, కామన్‌లో దొరకదు. అంకెల్ని అక్షరాలుగా చూపించే పని స్క్రీన్ వైపే వదిలేయండి, ఎలాగూ అక్కడుండాల్సిందే. ఆండ్రాయిడ్ యాప్ పాత ఫైలు బదులు ఈ మాడ్యూల్‌ని వాడేలా చేసి, రైతులకి ఒక రిలీజ్ ఇచ్చేయండి. ఐఫోన్ జోలికి అప్పటిదాకా పోవద్దు.

కోనసీమ_కోడర్
అంతా చేశాక స్క్రీన్లు మళ్ళీ స్విఫ్ట్‌లో రాయాలిగా? అక్కడే పోతుంది సగం టైము.

ఆకివీడు_ఆండ్రాయిడ్
కంపోజ్ మల్టీప్లాట్‌ఫామ్ ఐఓఎస్‌కి 2025 మేలో స్టేబుల్ అయింది, స్క్రీన్లూ పంచుకోవచ్చు. కానీ వాళ్ళు స్విఫ్ట్‌లో మొదలెట్టేశారు కాబట్టి నేనైతే లెక్కల దగ్గరే ఆగమంటాను.

ఉండి_కాలువ
ఐఫోన్‌కి ఎక్కించడం ఎలాగండి? మ్యాక్ లేనివాడు షేర్డ్ మాడ్యూల్ మీద పని చేయగలడా?

మొగల్తూరు_మొబైల్
చేయగలడు. కామన్‌మెయిన్ కోడ్, దాని టెస్టులు విండోస్ మీద జావా వైపు నడుస్తాయి. ఐఫోన్ ఫ్రేమ్‌వర్క్ బిల్డు, ఎక్స్‌కోడ్, స్టోర్‌కి పంపడం ఇవన్నీ మ్యాక్ మీదే.

టార్గెట్లు రెండు చాలు. ఫోన్‌కి ఐఓఎస్‌ఆర్మ్64, ఎం సిరీస్ మ్యాక్‌లో సిమ్యులేటర్‌కి ఐఓఎస్‌సిమ్యులేటర్‌ఆర్మ్64. మ్యాక్ పాత ఇంటెల్‌ది అయితే ఐఓఎస్‌ఎక్స్64 కలపాలి. ఎక్స్‌కోడ్‌లో బిల్డ్ ఫేజెస్‌లోకి వెళ్ళి కొత్త రన్ స్క్రిప్ట్ పెట్టి, గ్రేడిల్‌లో ఎంబెడ్‌అండ్‌సైన్ టాస్కుని పిలవండి. ఆ స్క్రిప్ట్ కంపైల్ సోర్సెస్‌కి పైన ఉండాలి, కింద ఉంటే మాడ్యూల్ దొరకలేదంటుంది. యూజర్ స్క్రిప్ట్ శాండ్‌బాక్సింగ్ అనే బిల్డ్ సెట్టింగ్‌ని నో చేయండి, లేకపోతే గ్రేడిల్ ఫైళ్ళు రాయలేదు. టెర్మినల్‌లో బిల్డ్ అవుతుంది కానీ ఎక్స్‌కోడ్‌లో అవట్లేదంటే చాలాసార్లు జావాహోమ్ ఎక్స్‌కోడ్‌కి కనబడకపోవడమే కారణం. ఆ స్క్రిప్ట్ మొదటి లైన్లోనే ఎక్స్‌పోర్ట్ చేసేయండి.

ఖర్చు సంగతి కూడా చూసుకోండి. గూగుల్‌కి 25 డాలర్లు ఒక్కసారి, యాపిల్‌కి ఏడాదికి 99 డాలర్లు.

తణుకు_స్విఫ్ట్
స్విఫ్ట్ వైపు కూర్చునేవాళ్ళకి ముందే చెప్పాల్సినవి ఉన్నాయి. కాట్లిన్ కోడ్ ఆబ్జెక్టివ్ సీ హెడర్ మీదుగా వస్తుంది కాబట్టి కొన్ని దారిలోనే రాలిపోతాయి. డిఫాల్ట్ ఆర్గ్యుమెంట్లు రావు, అన్నీ పూర్తిగా ఇవ్వాలి. కాట్లిన్ ఇంట్ స్విఫ్ట్‌లో ఇంట్32 అవుతుంది, లాంగ్ ఇంట్64. నల్ అవ్వగలిగే ఇంట్ అయితే కాట్లిన్‌ఇంట్ అనే పెట్టెలో వస్తుంది, విప్పుకోవాలి.

అన్నిటికన్నా ముఖ్యం ఎక్సెప్షన్లు. కాట్లిన్ ఫంక్షన్ మీద త్రోస్ అని గుర్తు పెట్టకుండా లోపల ఎక్సెప్షన్ వస్తే స్విఫ్ట్‌లో క్యాచ్ చేసినా ఆగదు, యాప్ మూసుకుపోతుంది. గుర్తు పెట్టడం మర్చిపోయే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. అందుకే బయటికి కనబడే ఫంక్షన్లు ఎక్సెప్షన్ వేయకుండా, జవాబో తప్పు కారణమో ఉన్న ఒక మామూలు క్లాస్‌ని తిరిగివ్వడం నయం. "బతికిన శాతం 100 దాటింది" లాంటివి రోజూ వచ్చే తప్పులే, వాటికి యాప్ పడిపోకూడదు.

లాకుపేట
విండోస్ సంగతి ఎవరూ ఎత్తలేదు. గొడవ మొదలైందే అక్కడ!

రాజోలు_రన్‌టైమ్
కాట్లిన్ నేటివ్‌కి మింగ్‌డబ్ల్యూ టార్గెట్ ఉంది, డీఎల్ఎల్ (విండోస్ లైబ్రరీ ఫైలు) ఇస్తుంది, సీ షార్ప్ నుంచి పీఇన్వోక్‌తో పిలవొచ్చు.

కాకినాడ_కెర్నల్
పిలవొచ్చు, కానీ ఆ డీఎల్ఎల్ ఇచ్చిన ప్రతి స్ట్రింగ్‌నీ డిస్పోజ్‌స్ట్రింగ్ పిలిచి మనమే వదిలిపెట్టాలి. మర్చిపోతే పొద్దున తెరిచిన బిల్లింగ్ ప్రోగ్రాం సాయంత్రానికి మెమరీ తినేస్తుంది. ఇద్దరున్న జట్టు ఆ బరువు నెత్తిన పెట్టుకోవద్దని నా మాట. సీ ప్లస్ ప్లస్‌ది కూడా ఇదే కథ. డ్రాప్‌బాక్స్ లాంటి కంపెనీయే ఫోన్ యాప్‌ల మధ్య సీ ప్లస్ ప్లస్ పంచుకోవడం మానేశామని 2019లో రాసింది. భాషల మధ్య అతుకులు, డీబగ్గింగ్ పనిముట్లు వాళ్ళే తయారుచేసుకోవాల్సి రావడం, అది తెలిసిన మనుషులు దొరకకపోవడం, ఇవీ వాళ్ళు చెప్పిన కారణాలు.

విండోస్‌లో సీ షార్ప్ కోడ్‌ని అలాగే ఉంచండి. దానికి కోడ్ బదులు టెస్టు డేటా పంచుకోండి. ఒక జేసన్ ఫైలు పెట్టుకోండి. ఒక్కో వరసలో వేసిన సీడ్, బతికిన శాతం, సగటు బరువు మిల్లీగ్రాముల్లో, మేత శాతం, రావాల్సిన గ్రాములు, రావాల్సిన బస్తాలు. ఉదాహరణకి 1,00,000 సీడ్, 80 శాతం, 10,000 మిల్లీగ్రాములు, 3 శాతం అయితే 24,000 గ్రాములు, 1 బస్తా. కాట్లిన్ టెస్టూ సీ షార్ప్ టెస్టూ అదే ఫైలు చదివి పోల్చాలి. తేడా వస్తే బిల్డే ఆగిపోవాలి.

కోనసీమ_కోడర్
అంటే సూత్రం రెండు చోట్ల రాసినట్టే కదండీ. ఒకే కోడ్ కావాలని కదా ఆయన అడిగింది?

కాకినాడ_కెర్నల్
రెండు చోట్ల ఉన్నా రెండూ తప్పు దారి పట్టలేవు. మూడు చోట్ల నుంచి రెండుకి తగ్గింది కూడా. ఆ కొద్ది లైన్ల కోసం డీఎల్ఎల్ మోయడం దండగ.

కోనసీమ_కోడర్
సరేనండి, నా పక్షమూ వినండి. అసలు కాట్లిన్ కోడ్ లేకుండా కొత్తగా మొదలెట్టేవాళ్ళకి ఈ మాడ్యూళ్ళూ హెడర్లూ ఏవీ ఉండవు ఫ్లట్టర్‌లో. అన్నీ ఫారాలూ పట్టికలూ ఉన్న యాప్‌కి అది చక్కగా సరిపోతుంది. స్క్రీన్‌ని తనే గీస్తుంది కాబట్టి పాత ఆండ్రాయిడ్‌లోనూ కొత్త ఐఫోన్‌లోనూ ఒకేలా కనబడుతుంది. రైతుకి ఫోన్లో నేర్పేటప్పుడు "కింద కుడివైపు పచ్చ బటన్" అంటే అందరికీ అక్కడే ఉంటుంది. ఇది చిన్న లాభం కాదు.

చిక్కు ఎక్కడంటే, బ్లూటూత్, థర్మల్ ప్రింటర్ లాంటి వాటికి ఎవరో రాసిన ప్లగిన్ మీద ఆధారపడాలి. విండోస్‌కి ఆ ప్లగిన్ ఉందో లేదో ప్యాకేజీ పేజీలో ముందే చూసుకోవాలి, చాలావాటికి ఆండ్రాయిడ్, ఐఓఎస్ మాత్రమే ఉంటాయి. డీలర్ ఆఫీసులో బిల్లు ప్రింట్ అవ్వాలి కాబట్టి అది ముందు తేల్చుకోండి.

ఆకివీడు_ఆండ్రాయిడ్
ఇది నేనూ ఒప్పుకుంటాను. కొత్తగా అయితే ఫ్లట్టరే ముందు చూస్తాను.

పాలకొల్లు_పేజీ
వెబ్ యాప్ పెడితే ఈ తలనొప్పులే ఉండవు కదా? బ్రౌజర్ అందరి దగ్గరా ఉంది.

తణుకు_స్విఫ్ట్
గట్టు మీద సిగ్నల్ లేదన్నారుగా. ఐఫోన్ సఫారీ వాడుతూ ఆ సైటుని 7 రోజులు ముట్టుకోకపోతే, హోమ్ స్క్రీన్ మీద పెట్టుకోని సైటు దాచుకున్న డేటా తుడిచేస్తుంది. పైగా సఫారీలో వెబ్ బ్లూటూత్ లేదు, నీళ్ళలో ఆక్సిజన్ కొలిచే డీవో మీటర్ కలవదు.

ఉండి_కాలువ
డీవో మీటర్ బ్లూటూత్‌తోనే ఉంది మాకు. ఆండ్రాయిడ్‌లో మీటర్ మ్యాక్ అడ్రస్‌ని (మీటర్ బ్లూటూత్ చిరునామా) చెరువుకి కట్టి డేటాబేస్‌లో పెట్టాం. అదీ షేర్డ్‌లోకి పోవచ్చా?

తణుకు_స్విఫ్ట్
అలా పెడితే ఐఫోన్‌లో పనిచేయదండి. ఐఫోన్ మ్యాక్ అడ్రస్ ఇవ్వదు. తను తయారుచేసిన ఒక గుర్తింపు సంఖ్య ఇస్తుంది, అది ఆ ఫోన్ వరకే. ఇంకో ఐఫోన్‌లో అదే మీటర్‌కి వేరే సంఖ్య. మీటర్‌లోంచే సీరియల్ నంబర్ చదివి దాన్ని చెరువుకి కట్టండి. డివైస్ ఇన్ఫర్మేషన్ సర్వీస్ 180ఏ, అందులో 2ఏ25 చదివితే సీరియల్ వస్తుంది, మీటర్ తయారీదారు ఆ సర్వీస్ పెట్టి ఉంటే. లేకపోతే మీటర్ మీద స్టిక్కర్ నంబర్‌ని రైతు చేత ఒకసారి కొట్టించుకోవడమే.

కనెక్ట్ చేసే కోడ్ రెండు వైపులా విడిగా ఉండాలి. వచ్చిన బైట్లని డీవో అంకెగా మార్చేది మాత్రం కామన్‌లో పెట్టండి.

లాకుపేట
డీవో అంటే గుర్తొచ్చింది, తేదీలు చూశారా? డీవో బాగా పడిపోయేది తెల్లవారుజామున. 4 గంటలకి కొలిచిన రీడింగ్‌ని యూటీసీలో దాచి, అందులోంచే తేదీ తీస్తే ముందురోజు రాత్రి 10:30 అవుతుంది. అర్ధరాత్రి నుంచి 5:30 దాకా కొలిచినవన్నీ నిన్నటి ఖాతాలో పడతాయి. డీవోసీ (సీడ్ వేసి ఎన్ని రోజులైందన్న లెక్క) కూడా ఒక రోజు తక్కువ చూపిస్తుంది. సమయాన్ని యూటీసీలోనే దాచండి, తేదీ తీసేటప్పుడు ఆసియా/కోల్‌కతా అని జోన్ పేరు ఇవ్వండి. ఫోన్ జోన్ మీద వదలొద్దు. గల్ఫ్‌లో ఉన్న లీజుదారు యాప్ తెరిస్తే డీవోసీ మారిపోకూడదు.

ఆకివీడు_ఆండ్రాయిడ్
డేటాబేస్ మాట కూడా. ఎస్‌క్యూలైట్ ఫైలు అన్నిచోట్లా ఒకటే, కానీ దాన్ని నడిపే వెర్షన్ ఒకటి కాదు. అప్‌సర్ట్ (వరస ఉంటే మార్చడం, లేకపోతే చేర్చడం) 3.24లో వచ్చింది. ఆండ్రాయిడ్ 10లో ఉన్నది 3.22, ఆండ్రాయిడ్ 11లో 3.28. కొత్త ఫోన్లలోనూ ఐఫోన్‌లోనూ నడిచిన క్వెరీ రైతు పాత ఫోన్లో సింటాక్స్ ఎర్రర్ కొడుతుంది. సరే కదాని ఇన్సర్ట్ ఆర్ రీప్లేస్ వాడితే అది పాత వరసని చెరిపేసి కొత్తది పెడుతుంది. ఫారిన్ కీకి క్యాస్కేడ్ పెట్టి ఉంటే చెరువు పేరు సరిదిద్దగానే ఆ చెరువు మేత రికార్డులన్నీ ఎగిరిపోతాయి! అప్‌డేట్ ముందు, ఇన్సర్ట్ ఆర్ ఇగ్నోర్ తర్వాత, రెండూ ఒకే ట్రాన్సాక్షన్‌లో. లేదా ఎస్‌క్యూలైట్‌ని యాప్‌తోపాటే పంపండి. రూమ్ 2.7 నుంచి కాట్లిన్ మల్టీప్లాట్‌ఫామ్‌కి పనికొస్తుంది, బండిల్డ్ డ్రైవర్ పెట్టుకుంటే అన్ని ఫోన్లలో ఒకే వెర్షన్.

రాజోలు_రన్‌టైమ్
ఆఫ్‌లైన్ అన్నారు కాబట్టి రికార్డు నంబర్లు ఆటో ఇంక్రిమెంట్ పెట్టకండి. ఇద్దరు రెండు ఫోన్లలో సిగ్నల్ లేకుండా 57వ రికార్డు రాస్తే సింక్‌లో ఒకటి రెండోదాన్ని కొట్టేస్తుంది. ఫోన్‌లోనే యూయూఐడీ, అంటే ఇంకో ఫోన్‌లో రాని పొడవాటి గుర్తింపు, పుట్టించండి. అదే యూయూఐడీ రెండోసారి వస్తే సర్వర్ కొత్త వరస చేయకూడదు. సగంలో సిగ్నల్ పోయి మళ్ళీ పంపడం గట్ల మీద మామూలే.

సింక్ ఏం పంపాలన్నది కామన్‌లో, ఎప్పుడు పంపాలన్నది విడిగా. ఆండ్రాయిడ్ వర్క్‌మేనేజర్ పదేపదే చేసే పనికి కనీసం 15 నిమిషాల ఎడం అడుగుతుంది. ఐఫోన్ బ్యాక్‌గ్రౌండ్ టాస్కు ఎప్పుడు నడుపుతుందో హామీ ఇవ్వదు. యాప్ తెరిచినప్పుడల్లా పంపేలా పెట్టి, "ఇంకా వెళ్ళనివి ఇన్ని" అని పైన కనబడనివ్వండి.

పాలకొల్లు_పేజీ
తెలుగు పేర్ల సంగతి ఎవరూ అనలేదు. చెరువు పేరు పొడవుకి హద్దు పెట్టారా? "గోదావరి" అని రాస్తే కాట్లిన్ 7 అంటుంది, స్విఫ్ట్ 4 అంటుంది, యూటీఎఫ్ 8 బైట్లు లెక్కపెట్టే చోట 21. ఐఫోన్‌లో ఒప్పుకున్న పేరుని సర్వర్ పొడవైందని తిప్పికొడుతుంది.

ఇంకోటి. ఐత్వం యూనికోడ్‌లో రెండు రకాలుగా ఉండొచ్చు. 0సీ48 ఒక్కటే, లేదా 0సీ46 పక్కన 0సీ56. తెరమీద "రైతు" అని ఒకేలా కనబడుతుంది. స్విఫ్ట్ రెండూ సమానం అంటుంది, కాట్లిన్ కాదంటుంది. పాత ఫాంట్ల నుంచి మార్చిన డీలర్ల జాబితాల్లో రెండోరకం దొరకొచ్చు. వెతికితే పేరు రాదు, మళ్ళీ కొత్తగా చేరుస్తారు, ఒకే రైతుకి రెండు ఖాతాలు. దాచేముందే ఎన్ఎఫ్‌సీకి (రెండు రకాల్నీ ఒకే రూపంలోకి తెచ్చే యూనికోడ్ పద్ధతి) మార్చేయండి.

ఉండి_కాలువ
ఇదుంది మా దగ్గర. ఒకే ఊళ్ళో ఒకే పేరుతో రెండేసి ఖాతాలు ఎందుకొస్తున్నాయో ఇప్పుడు అర్థమైంది. ఎన్ఎఫ్‌సీకి కాట్లిన్ కామన్‌లో ఫంక్షన్ ఉందా?

ఆకివీడు_ఆండ్రాయిడ్
కామన్ స్టాండర్డ్ లైబ్రరీలో లేదు. ఎక్స్‌పెక్ట్, యాక్చువల్ సరిగ్గా ఇలాంటి వాటికే. కామన్‌లో ఎక్స్‌పెక్ట్ అని ఫంక్షన్ పేరు మాత్రం పెట్టండి. ఆండ్రాయిడ్ యాక్చువల్‌లో జావా నార్మలైజర్‌ని పిలవండి, ఐఓఎస్ యాక్చువల్‌లో ఎన్ఎస్‌స్ట్రింగ్ ప్రీకంపోజ్డ్ మ్యాపింగ్‌ని. ఒక్కో వైపు ఒక్కో లైను. పాత ఖాతాలు కలిపే పని మాత్రం సర్వర్లో చేయండి, ఫోన్లలో వద్దు.

మొగల్తూరు_మొబైల్
షేర్డ్ మాడ్యూల్‌కి వేరే రిపో పెట్టకండి, ఇద్దరే కాబట్టి అన్నీ ఒకే రిపోలో ఉంచండి. ఇంకొక మాట. ప్రతి మేత రికార్డులో ఏ సూత్రం వెర్షన్‌తో లెక్కకట్టారో ఒక అంకె దాచండి. మేత శాతాల పట్టిక మారాక పాత రికార్డుని తెరిస్తే కొత్త లెక్క చూపించకూడదు. రైతు ఆ రోజు వేసిన మేత ఎంతో అంతే కనబడాలి.

ఉండి_కాలువ
ముందు సీ షార్ప్‌లో బస్తాలు పైకి పోయేలా దిద్ది, జేసన్ ఫైలు మొదలెడతాం. ఆ తర్వాత మేత సూత్రం ఫైలు ఒక్కటే కామన్‌లోకి. మొదట ఏ వరసలు ఉండాలంటారు?

కాకినాడ_కెర్నల్
పైన చెప్పిన 24,000 గ్రాములది ఒకటి. పెద్ద రొయ్యకి 1,00,000 సీడ్, 80 శాతం, 30,000 మిల్లీగ్రాములు, 2 శాతం, 48,000 గ్రాములు, 2 బస్తాలు. ఇంట్ మిగిలిపోయి ఉంటే ఇక్కడే దొరుకుతుంది. సీడ్ సున్నా ఉన్నది ఒకటి. బతికిన శాతం 101 ఉన్నది ఒకటి, దానికి జవాబు అంకె కాదు, తప్పు కారణం రావాలి.

లాకుపేట
సరిగ్గా 50,000 గ్రాములు వచ్చేది ఒకటి, 50,001 వచ్చేది ఒకటి కూడా పెట్టండి. బస్తా లెక్క బెసికేది అక్కడే.